ఆటమాటున సరసం: ఖమ్మం–భద్రాచలం అడవి అంచున మోటు హాస్యం

ఆలుమగల పొందును నేరుగా ఎత్తకుండా, వేరే సంగతేదో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నలుగురిలో నవ్వు పుట్టించే మాటను మోటు సరసం అంటారు. ఆ వేరే సంగతి వంట కావచ్చు, సేద్యం కావచ్చు, ఆట కావచ్చు. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా శబరి ఒడ్డు దాకా సాగే అడవి అంచు పల్లెల్లో ఈ సరసానికి బాగా అమరిన ముసుగు ఆటే. వేట, కోడిపందెం, చెడుగుడు, పచ్చీసు, చిర్రగోనె, ఉయ్యాల అన్నీ ఇందుకు పనికొచ్చాయి. టీవీలు వచ్చాక క్రికెట్టూ చేరింది.

ఆటను అడ్డుపెట్టుకుని పుట్టే బూతుకు మిగతా బూతుకు లేని ఒక గుణం ఉంది. ఆట అన్నాక ఎదురుగా ఇంకొకరు ఉండాలి. ఇద్దరూ ఒప్పుకున్న గీత ఒకటి ఉండాలి. ఈరోజు ఓడినవాళ్లు రేపు గెలవొచ్చు. ఈ ప్రాంతపు పాత సరసంలో ఆడది కూడా ఆటగత్తే. చాలాసార్లు గెలిచేది ఆమె, పగలబడి నవ్వేదీ ఆమె. ఈ హాస్యాన్ని అర్థం చేసుకోవడానికి అందులోని బూతు పాలు ఎంతో కొలిచే కన్నా, ఆటలో ఎందరున్నారో చూడటం మేలు.

నేల, మాట

ఖమ్మం జిల్లా 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడివడింది. అప్పటికి భద్రాచలం, నూగూరు తాలూకాలు గోదావరి జిల్లాల పాలనలోనే ఉండేవి. 1959లో అవి ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. ఇన్ని గీతలు మారినా సంతలు మారలేదు, వియ్యాలు తెగలేదు. దుమ్ముగూడెం పిల్ల కూనవరం కోడలవుతుంది. చర్ల కుర్రాడు చింతూరు అల్లుడవుతాడు. అందుకే ఒకే పెళ్లిలో తెలంగాణ యాసలో ఒక ఎకసెక్కెం, గోదావరి జిల్లా యాసలో దానికి జవాబు, రెండింటి మీదా కోయ భాషలో ఒక మాట పేలడం ఇక్కడ మామూలే. ఒకరు చిర్రగోనె అన్నదాన్ని మరొకరు బిళ్లంగోడు అంటారు. కర్ర పట్టుకున్నవాడి చేతకానితనం మీద వచ్చే నవ్వు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఎవరు ఎవరితో ఆడవచ్చు

ఈ సరసం ఎవరితో పడితే వారితో నడవదు. వావి కుదరాలి. బావామరదళ్లు, వదినా మరుదులు, వదినా ఆడబిడ్డలు, వియ్యపురాళ్లు ఈ బరిలో దిగవచ్చు. భర్త అన్న ఎదుట కోడలు తలెత్తదు. మరిదితో మాత్రం మాటకు మాట అంటుంది. అల్లుడి ముందు అత్త నోట మోటు మాట రాదు. అన్నాచెల్లెళ్ల వరస ఉన్న మనిషి గుంపులో ఉంటే పాట ఆగుతుంది, లేదా ఆ మనిషే లేచి పక్కకు పోతాడు.

కోయల్లో ఈ హద్దును గట్టు తేలుస్తుంది. భద్రాచలం ప్రాంతపు కోయలు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని విడివడి ఉంటారు. ఒకే గట్టువారు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పిల్లనిచ్చి పుచ్చుకునే గట్టువారితోనే పరాచికం. కొత్త మనిషి ఊరికి వస్తే ముందు గట్టు అడుగుతారు. ఆ జవాబును బట్టి అతనితో ఎంత దూరం నవ్వవచ్చో తేలిపోతుంది.

ఇలాంటి చుట్టరికాల మీద ఆంగ్ల మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో పేరుపొందిన వ్యాసం రాశారు. పెళ్లి రెండు కుటుంబాలను కలుపుతూనే వాటి మధ్య బిగువు పెంచుతుంది, ఆ బిగువు గొడవ కాకుండా ఉండాలంటే ఒకరు ఎగతాళి చేయాలి, రెండోవారు నొచ్చుకోకూడదు అన్నది ఆయన వాదన. ఆయన ఉదాహరణల్లో చాలా భాగం ఆఫ్రికావి. ఆ వాదన మన బావామరదళ్లకు అతికినట్టు సరిపోతుంది. ఒక్క మాట చేర్చాలి. ఇక్కడ ఎగతాళి ఒకవైపు నుంచే రాదు. జవాబు చెప్పలేని బావ కన్నా జవాబు చెప్పిన బావకే మర్యాద ఎక్కువ.

పెళ్లే పెద్ద బరి

భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ముందురోజు ఎదుర్కోలు జరుగుతుంది. అర్చకులు రెండు పక్షాలుగా విడిపోయి, ఒకరు రామయ్య వైపు, మరొకరు సీతమ్మ వైపు నిలిచి తమవారి గొప్ప చెప్పుకుంటారు, ఎదుటివారిని మెత్తగా పొడుస్తారు. ఇందులో మోటుతనం లేదు. కానీ పెళ్లి అంటే రెండు జట్ల పోటీ అన్న ఊహ దేవుడి పెళ్లిలోనే ఉంది. అసలు సీతమ్మ పెళ్లికి మూలం విల్లు ఎత్తే పందెమే. ఫాల్గుణ పౌర్ణమినాడు ఇక్కడ తలంబ్రాలు కలపడం మొదలుపెడతారు. అదే రోజు వసంతోత్సవం, డోలోత్సవం చేస్తారు. రంగునీళ్లు చల్లుకోవడం, ఉయ్యాల ఊగడం వలపు ఆటలుగా మన సాహిత్యమంతటా కనిపించేవే.

దేవుడి పెళ్లిలో ఆగిన చోట మనుషుల పెళ్లిలో సరసం మొదలవుతుంది. తలంబ్రాలు పోసుకోవడమే తొలి పోటీ. ముందు ఎవరు పోస్తారు, ఎవరి దోసిలి పెద్దది, ఎవరి చేయి పైన అని రెండు వైపులా కేకలు. తరువాత మూతి ఇరుకైన బిందెలో ఉంగరం వేసి ఇద్దరినీ చేతులు పెట్టమంటారు. నీళ్లలో వేళ్లకు వేళ్లు తగులుతుంటే పైన చూసేవాళ్లకు ఉంగరం దొరకడం ముఖ్యం కాదు. “లోపల ఎంతసేపు వెతుకుతడమ్మా, చోటు తెలియకనా?” అని పెళ్లికూతురి వదిన అంటుంది. “తొందరెందుకు, రాత్రంతా ఉంది” అని పెళ్లికొడుకు తమ్ముడి వరసవాడు అందుకుంటాడు. ఆ తరువాత పూలబంతులాట, బావామరదళ్ల వసంతాలు. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ఒకరినొకరు సరిగా చూసుకోని ఇద్దరికి ఈ ఆటలు తొలి స్పర్శను నలుగురి నవ్వు మధ్య, భయం లేకుండా ఇస్తాయి. పెళ్లి తంతులో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు కనిపించదు.

వియ్యాలవారి విందులో పాట ఆడవాళ్ల చేతికి పోతుంది. ఆకు ముందు కూర్చున్న మగపెళ్లివారిని వరసగా ఎత్తుకుంటారు. ఫలానా మామ పచ్చీసులో పంటకు చేరలేని కాయ, ఫలానా బావ గుంట తప్పే గోలీ, పెళ్లికొడుకు తాడు చుట్టడం రాని బొంగరం. పేర్లు మారుతుంటాయి, వరస అదే. తిండి మధ్యలో లేచిపోవడం తగదు కనుక వినక తప్పదు. విన్నందుకు కట్నం చదివించకా తప్పదు.

తెల్లవారి ప్రశ్నలది వేరే అధ్యాయం. గది తలుపు తీసిన బావను మరదళ్లు చెడుగుడు భాషలో నిలదీస్తారు: “కూత ఆగకుండ పోయినవా బావా, గీతకాడనే ఊపిరి తెగిందా?” నోరున్న బావ అయితే “పట్టు పట్టినోళ్లు వదిలితే కదా, గీత దాటొచ్చేది” అని తప్పించుకుంటాడు. గమనించండి, ఆ జవాబులో గెలుపు ఆమెదే. అలా చెప్పడమే అతనికి పరువు.

కోయ పెళ్లి గురించి దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లు, 80లలో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో రాశాడు. పెళ్లికూతురు తల వంచితే పెళ్లికొడుకు ఆమె మీదికి వంగుతాడు, అతని తల మీద పోసిన నీళ్లు ఆమె తల మీదికి జారితే పెళ్లయినట్టే. పిల్లను స్నేహితులతో ఎత్తుకుపోయే పెళ్లి గురించీ ఆయన చెప్పాడు. అందులో ముందే మనసులు కలిసి వేడుకగా జరిగిన పెళ్లిళ్లున్నాయి, బలవంతాలూ ఉన్నాయి. రెండో రకాన్ని ఆట అని చెప్పుకోవడం తప్పు. ఎదుటివాళ్లు ఒప్పుకోనిది ఆట కాదు.

వేట: గురి, విల్లు, ఉత్త చేతులు

విత్తనాలకు ముందు వచ్చే భూమి పండుగలో కోయ, కొండరెడ్డి పల్లెల్లో మగవాళ్లు రోజుల తరబడి వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడు పట్టి, ఆడుతూ పాడుతూ వచ్చేపోయేవారి దగ్గర పైసలు వసూలు చేస్తారు. చింతూరు, కూనవరం దారుల్లో బస్సులు, లారీలు ఆగి సొమ్ము ఇచ్చి కదలడం ఇప్పటికీ చూడవచ్చు. ఆ కొద్ది రోజులు రోడ్డు ఆడవాళ్లది, అడవి మగవాళ్లది. జింకో కుందేలో లేకుండా వచ్చినవాడికి మర్యాద దక్కదు. విశాఖ మన్యంలో చైత్ర పండుగ వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడ విసిరేవారని 1907 నాటి జిల్లా గెజిటీరు రాసింది. గోదావరి ఒడ్డున ఇదే పండుగ మాటల పేడతో నడుస్తుంది. అడవిలో గురి తప్పినవాడు ఇంట్లో మాత్రం గురి చూస్తాడా, బాణం ఉంటే సరా విల్లు వంగొద్దా అన్న వరసలో. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చాక వేట నేరమైంది. చాలాచోట్ల అది అడవిలో తిరిగి రావడంగా మిగిలింది. వేళాకోళం పోలేదు. జంతువు దొరకదని అందరికీ తెలిసినప్పుడు, దొరకలేదని ఎగతాళి చేయడం ఇంకా సులువు.

ఈ నవ్వుకు చాలా పాత తోబుట్టువు ఒకటి ఉంది. శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో గోదావరి ఒడ్డు, పొదలు, పల్లె ఆడవాళ్ల గడుసు మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటిలో కొన్నిటిని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. అందులో వేటగాళ్ల గాథలు కొన్ని ఉన్నాయి. కొత్త పెళ్లాం వచ్చాక వేటగాడికి తన బరువైన విల్లు ఎక్కుపెట్టే సత్తువ చాలదు. విల్లును చెక్కి పలచన చేసుకుంటాడు. చెక్కిన పేళ్లు గాలికి ఎగిరి, ఆ ఇంట కొత్త కోడలి సౌభాగ్యానికి జెండాలా ఊరంతటికీ కనిపిస్తాయి. ఒక్క బూతు మాట లేదు. మగవాడి ఆట పరికరం అరిగిపోవడం ఆడదాని గెలుపుగా చెప్పడం, ఆ గెలుపును ఊరు చూడటం అన్నీ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. భూమి పండుగలో ఉత్త చేతుల మగవాణ్ణి ఎత్తుకునే ఆడవాళ్ల తర్కం కూడా ఇదే: అడవిలో నువ్వు ఎవరివైనా, ఇంటికొచ్చాక కొలిచేది మేము.

కోయల కొమ్ము ఆటలో మగవాళ్లు అడవిదున్న కొమ్ములు తలకు కట్టి, డోలు వాయిస్తూ, దున్నల్లా పోట్లాడుకుంటారు. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని రేల పాటలు పాడుతూ వరసగా కదులుతారు. కొమ్ముల పోరు ఎవరి కంట పడాలనో ఎవరూ పైకి చెప్పరు. ఆడవాళ్ల రేలలో మాత్రం అది అప్పుడప్పుడు బయటపడుతుంది. ఇప్పుడు ఈ ఆట ప్రభుత్వ వేడుకల్లో, మంత్రుల స్వాగతాల్లో కనిపిస్తుంది. అక్కడ కొమ్ములు, ఈకలు వస్తాయి, సరసం రాదు. వేదిక మీద వరస కుదిరేవాళ్లు ఉండరు కదా.

పుంజు, పెట్ట, గంప

కోడిపందెం ఈ అంచున సంక్రాంతికే పరిమితం కాదు. సంత జరిగే రోజుల్లో అడవి పల్లెల్లో చిన్న బరులు లేస్తాయి. ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం 1974, జంతు హింస నిరోధక చట్టం 1960 దీన్ని నేరం అన్నా ఆగలేదు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని రంగును బట్టి పుంజుకు పేరు, రోజును బట్టి దాని గెలుపు చూసే శాస్త్రం ఉన్నాయి. అవన్నీ మగతనపు మాటలుగా మారడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. కానీ ఇక్కడా ఎదురుదెబ్బ ఉంది. పందెంలో గొప్పలు చెప్పుకున్న మొగుణ్ణి పెళ్లాం చెల్లెలు “బరిల సంగతి సరే బావా, ఇంట్ల నీ పుంజు గంప కిందనే ఉంటదట గదా” అంటే, విన్నవాళ్లు అతని వైపు చూడరు, అక్క వైపు చూస్తారు. అక్క నవ్వితే మాట నిజమైనట్టు. ఆమె నవ్వకపోతే మగడు బతికిపోయాడు.

కోడిపందేల వర్ణన తెలుగు సాహిత్యంలో పాతదే. ఓరుగల్లు వీధుల్లో ఒక రోజు తిరుగుడును చెప్పే క్రీడాభిరామంలో కోళ్ల పోరు, పొట్టేళ్ల పోరు, వేశ్యల ఇళ్లు పక్కపక్కనే వస్తాయి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అన్న స్నేహితులిద్దరూ అన్నిటినీ ఒకే ఉత్సాహంతో చూస్తారు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ఈ పుస్తకం శ్రీనాథుడిదే అన్న వాదం ఉంది. మానవల్లి రామకృష్ణకవి దీన్ని అచ్చు వేశారు. పందెం, వలపు ఒకే సాయంకాలపు వినోదాలుగా ఉండటం కాకతీయ నగరం నుంచి ఏజెన్సీ సంత దాకా తెగని దారం.

కావ్యాల్లో, ఇతర దేశాల్లో

రతిని పోటీగా చూడటం మన శాస్త్రాల్లోనే ఉంది. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో సురతాన్ని కలహంతో పోల్చాడు. ముద్దుల పందెం కూడా వివరించాడు. ఎదుటివారి కింది పెదవిని ముందు ఎవరు అందుకుంటే వారిది గెలుపు. ఓడిన ఆమె అలగాలి, మళ్లీ పందెం కాయాలి, మోసం చేసైనా గెలవాలి. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనములో చొరవ ఆడదానిది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తేయించారు. మగకవుల శృంగారానికి రాని ఇబ్బంది ఈ పుస్తకానికే రావడానికి అందులో బూతు కన్నా ఆడది ఆటలో ముందుండటమే కారణమని నా నమ్మకం.

ఆడవాళ్ల రామాయణపు పాటల్లోనూ ఈ ఆటలున్నాయి. సీత వామనగుంటలు ఆడటం మీద ఒక పాట అల్లుకుంది. ఆలస్యంగా వచ్చిన సీతకు రాముడు తలుపు గడియ వేసిన పాట ఇంకొకటి. శాంత ఆడబిడ్డ హోదాలో సీతతో మేలమాడుతుంది. పెళ్లింటి హాస్యాన్ని తెలుగు ఆడవాళ్లు అయోధ్య దాకా తీసుకుపోయారు.

గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ క్రీ.పూ. 421 నాటి ‘శాంతి’ నాటకంలో యుద్ధం ఆగిన సంబరాన్ని పడకటింటి క్రీడోత్సవంగా మార్చి, కుస్తీ, గుర్రప్పందెం, రథాల పోటీ అన్నిటినీ వరసపెట్టాడు. లూసియన్ పేరు మీద ఉన్న గాడిద కథలో ఒక పనిపిల్ల కుస్తీ గురువులా ఆజ్ఞలిస్తూ నాయకుడికి పాఠం చెబుతుంది. షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో వేట, విలువిద్య, బంతాటల పేరుతో ఆడా మగా మాటలు విసురుకుంటారు. ఇవన్నీ మన మరదళ్లకు వెంటనే అర్థమయ్యేవే. అమెరికా కుర్రాళ్ల బేస్‌బాల్ భాష వేరు. అందులో ముద్దు ఒక మజిలీ, తాకడం ఇంకో మజిలీ, చివరికి పరుగు పూర్తి. ఆ లెక్కలో ఆమె ఆడదు. ఆమె అతను దాటుకుంటూ పోయే మైదానం.

క్రికెట్ వచ్చాక

1983 ప్రపంచ కప్పు, ఆపై ఊరూరా టీవీలు, 2008 నుంచి ఐపీఎల్. ఈ క్రమంలో పల్లె కుర్రాళ్ల సరసం భాష మారింది. తొలిరాత్రి మ్యాచ్ అయింది, కొత్త పెళ్లికొడుకు ఓపెనర్ అయ్యాడు. టెస్టా, వన్డేనా, ట్వంటీ20నా అన్న ప్రశ్న, డకౌట్ అన్న ఎగతాళి, వర్షం వల్ల ఆట రద్దు అన్న సాకు ఏ స్నేహబృందంలోనైనా వినిపిస్తాయి. సినిమా హాస్యం, 2013లో మొదలైన ‘జబర్దస్త్’ లాంటి టీవీ కార్యక్రమాల డబుల్ మీనింగ్ దీనికి ఊతం ఇచ్చాయి.

ఈ హాస్యంలో చమత్కారం లేదని కాదు. కొన్ని మాటలు నిజంగా నవ్విస్తాయి. కానీ ఇందులో బ్యాటు అతనిది, పరుగులు అతనివి, చూసేవాళ్లు అతని స్నేహితులు. ఆమె పిచ్ అవుతుంది, లేదా బంతి. బౌలర్‌గా ఆమెను ఊహించిన జోకు అరుదు. చెడుగుడులో ఆమె పట్టు పడుతుంది, వేటలో ఆమె తీర్పు చెబుతుంది, పచ్చీసులో ఆమె కాయ చంపుతుంది. మగవాళ్లు మాత్రమే కూడే గుంపులో, ఫోన్ సందేశాల్లో పుట్టిన సరసానికి ఎదురు జవాబు చెప్పే మరదలు అక్కడ లేదు. లోపం క్రికెట్‌ది కాదు, ఆ గుంపుది. పెళ్లింట్లో మరదళ్లు అదే క్రికెట్‌ను అందుకున్నప్పుడు ఆట మళ్లీ ఇద్దరిదీ అవుతుంది. “నైట్‌వాచ్‌మన్ లెక్క నిలబడ్డవంట, ఒక్క పరుగు తీయలేదంట” అని వాళ్లు అంటే తప్పించుకునే దారి బావకు ఉండదు.

హద్దు దాటితే

వరస, చోటు, సమయం ఈ మూడూ తప్పితే అదే మాట వేధింపు. తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టే మనిషి కోయ ఆడవాళ్ల మీద విసిరే మాట సరసం కాదు. అతనికి గట్టు లేదు, వాళ్లకు జవాబు చెప్పే వీలు లేదు. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆయా వర్గాల స్త్రీల పట్ల లైంగికమైన మాటలు, సైగలు వాడటాన్ని నేరంగా చేర్చింది. బహిరంగ చోట అశ్లీలమైన పాటలు పాడి ఇతరులకు ఇబ్బంది కలిగించడం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షను కిందికి వస్తుంది. ఏజెన్సీ తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సుల మీద పోలీసులు ఆంక్షలు పెట్టడం ఈ దారిలోదే. పెళ్లి పందిట్లో వదినల పాటకు, డబ్బుకు ఆడించే ఆ డాన్సుకు ఉన్న తేడా చట్టం రాసుకున్న మాటల్లో కనిపించదు. ఊళ్లో పెద్దమనిషిని అడిగితే చెబుతాడు.

సేకరణ

బిరుదురాజు రామరాజు 1958లో అచ్చు వేసిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఈ రంగంలో విశ్వవిద్యాలయాలకు దారి వేసింది. తాపీ ధర్మారావు ‘దేవాలయాల మీద బూతు బొమ్మలు ఎందుకు?’ అని 1936లోనే సంకోచం లేకుండా అడిగారు. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1945లో వెలువరించిన కొండరెడ్ల పుస్తకం పాపికొండల బతుకును దగ్గరగా చూపింది. అయినా మోటు పాట పుస్తకాల్లోకి వచ్చింది తక్కువ. సేకరించేవారు ఎక్కువగా మగవాళ్లు. వారి ముందు పాడేవారు భక్తి పాటలు, కథాగేయాలు, నాట్ల పాటలు ఇచ్చారు, మిగతావి దాచుకున్నారు. వరస కుదరని మనిషికి సరసం పాడకపోవడం ఆ పాటల నియమమే. ఈ పాటలు తెలిసిన ముసలమ్మలు ఇప్పటికీ చర్లలో, దుమ్ముగూడెంలో, వరరామచంద్రపురంలో ఉన్నారు. పోలవరం ముంపుకు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవారిలోనూ ఉన్నారు. వారి దగ్గరికి వెళ్లవలసింది రికార్డరు పట్టుకున్న ఆడపిల్లలు, వీలైతే కోయ ఆడపిల్లలు, ఇంకా మంచిది మనవరాళ్లు. పాటతో పాటు దాన్ని ఎవరు ఎవరి మీద పాడారో, అవతలివారు ఏమని తిరగ్గొట్టారో కూడా రాసుకోవాలి. జవాబు లేకుండా దొరికిన పాట సగమే దొరికినట్టు.